ట్రయల్‌లో చేరమన్నారు: చేరాలా, మామూలు వైద్యమే చేయించుకోవాలా?

పోయిన వారం మధ్యాహ్నం భోజనానికి షాపు మూసే వేళకి గోదారి మధ్య లంక ఊళ్లోంచి ఒకాయన వచ్చారు. చేతిలో ఎక్స్‌రే కవరు. అందులో మూలకి పిన్ను కొట్టిన పద్దెనిమిది పేజీల కాగితాలు. కౌంటర్ మీద పెట్టి, "ఆయ్, ఇదోసారి చూడండి. మా అన్నయ్యకి నోట్లో క్యాన్సర్ మళ్లీ తిరగబెట్టిందండి. విశాఖపట్నంలో డాక్టరు గారు ట్రయల్‌లో చేరతారా అని ఈ కాగితాలిచ్చారు. మందు ఉత్తినే ఇస్తారంట. మా అబ్బాయేమో మనల్ని కుందేళ్లని చేస్తారు నాన్నా, వద్దంటన్నాడు. ఏం చేయమంటారు?" అన్నారు.

నేను కోనసీమలో అంబాజీపేట దగ్గర మందుల షాపు నడుపుకునేవాణ్ణి, డాక్టర్ని కాను. కాకపోతే మా మేనత్తని ఇలాంటి ట్రయల్‌కే, అంటే కొత్త వైద్యం పనిచేస్తుందో లేదో మనుషుల మీద చేసి చూసే పరీక్షకే, ఆరు నెలల పాటు తిప్పాను. అప్పటినుంచి ఈ చుట్టుపక్కల ఎవరికి ఇలాంటి కాగితాలిచ్చినా మా కౌంటర్ మీదికే వస్తున్నాయి. ఆయనకి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

అందరూ మొదట అడిగేది "కొత్త మందు మంచిదేనా?" అని. ఆ జవాబు డాక్టరు దగ్గరా లేదు, కంపెనీ దగ్గరా లేదు. తెలిసిపోతే ఇక ట్రయల్ ఎందుకు పెడతారు? మనం అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: "నాకు కొత్త మందు రాకపోతే ఏమొస్తుంది?"

## ముందు తూకం రాళ్లు

చాలా ట్రయల్స్‌లో రోగుల్ని రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకి కొత్త మందు. రెండో గుంపుకి ఇప్పుడు వాడుతున్న మందు, లేదంటే చూడ్డానికి అచ్చం మందులాగే ఉన్నా లోపల మందు లేని ఉత్తి మాత్ర. ఎవరు ఏ గుంపులో పడాలో చీటీ తీసినట్టు కంప్యూటర్ తేలుస్తుంది. డాక్టరుతో చుట్టరికం ఉన్నా, ఎమ్మెల్యే గారితో ఫోన్ చేయించినా మారదు. కొన్నిటిలో ఎవరికి ఏది ఇస్తున్నారో ఆ డాక్టరుకి కూడా తెలియనివ్వరు.

కాబట్టి మొదటి తూకం రాయి రెండో గుంపు. అందులో పడితే మీకు అందే వైద్యం, ట్రయల్ లేకపోతే ఎలాగూ అందే వైద్యానికి సమానంగానైనా ఉందా? ఉంటే చీటీ ఎటు పడ్డా మందు విషయంలో మీరు పోగొట్టుకునేది పెద్దగా లేదు. లేకపోతే, అంటే పనిచేసే మందు ఉండగా దాన్ని ఆపేసి ఉత్తి మాత్ర ఇస్తామంటే, అక్కడే ఆగి ఎందుకని గట్టిగా అడగాలి.

కొత్తదనగానే మెరుగైనదనుకోవడం మనకి బాగా అలవాటు. కరోనా రోజులు గుర్తు తెచ్చుకోండి. కోలుకున్నవాళ్ల ప్లాస్మా కోసం వాట్సాప్ గ్రూపుల్లో రాత్రీ పగలూ మెసేజ్‌లు. అప్పటికే భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద ట్రయల్ చేసి చూసింది. ప్లాస్మా ఎక్కించినంత మాత్రాన చావులు తగ్గలేదని 2020లోనే తేలింది. అయినా 2021 మే నెలలో చికిత్స మార్గదర్శకాల్లోంచి తీసేసేదాకా మనవాళ్లు పరుగులు తీస్తూనే ఉన్నారు. అదే నెలలో కృష్ణపట్నం మందు కోసం కట్టిన క్యూలు సరేసరి. మరోపక్క, ఏ షాపులో అయినా కొద్ది రూపాయలకి దొరికే డెక్సామెథసోన్ ఆక్సిజన్ మీదున్న కరోనా రోగుల చావుల్ని తగ్గిస్తుందని బ్రిటన్‌లో జరిగిన పెద్ద ట్రయల్ తేల్చింది. మా అరల్లో ఎప్పట్నుంచో పడున్న మందు అది.

మనకి ఇంకా దగ్గరి సంగతి బోదకాలు. డాక్సీసైక్లిన్ వాడితే కాలి వాపు తగ్గుతోందని ఘనాలో జరిగిన ఒక పరిశోధన ఆశ పెట్టింది. తర్వాత మాలీ, శ్రీలంక, మన దేశాల్లో మళ్లీ పరీక్షించారు. రెండు గుంపులకీ కాలు సబ్బుతో కడుక్కోవడం, తుడిచి ఆరబెట్టుకోవడం, గాట్లు పడకుండా చూసుకోవడం నేర్పారు. ఒక గుంపుకి డాక్సీసైక్లిన్, మరో గుంపుకి ఉత్తి మాత్ర. చివరికి మందు వాడినవాళ్లకి అదనంగా ఒరిగిందేమీ కనపడలేదు. ఉత్తి మాత్ర గుంపులో పడ్డామని బాధపడినవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు నష్టపోయింది లేదు. పైగా కాలు కడుక్కునే పద్ధతి వాళ్లకీ చేతికొచ్చింది.

రెండో రాయి: ఇప్పుడు చేయించుకుంటున్న వైద్యం మీ జబ్బు మీద ఏ మాత్రం పనిచేస్తోంది. మూడోది తిరుగుడు. మన డెల్టా వాళ్లకి ఇదే అసలు బరువు కాబట్టి కింద మళ్లీ దీనికే వస్తాను. నాలుగోది డబ్బు: మందు ఉచితమే, మరి బస్సు ఖర్చు, తోడొచ్చినవాళ్ల కూలి ఎవరు పెట్టుకోవాలి? ఐదోది, తేడా వస్తే ఎవరు జవాబు చెప్పాలి. ఆరోది చాలామందికి తట్టదు: ట్రయల్ అయిపోయాక ఆ మందు ఇస్తారా, ఆపేస్తారా?

## మామూలు వైద్యం

కాకినాడ పెద్దాసుపత్రి కానివ్వండి, అమలాపురం, రాజమండ్రి, ఏలూరుల్లోని మెడికల్ కాలేజీ ఆసుపత్రులు కానివ్వండి, ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు మీద జరిగే వైద్యంలో చాలావరకు ఎప్పుడో ఒకప్పుడు ట్రయల్ దాటుకుని వచ్చిందే. పనిచేస్తుందని తెలుసు, ఎంతమందికి పనిచేస్తుందో తెలుసు, ఏ ఇబ్బందులొస్తాయో తెలుసు. ఇంటికి దగ్గర. బీపీ, షుగర్, టీబీ, చాలా రకాల మొదటి దశ క్యాన్సర్లు: వీటికి మామూలు వైద్యమే గట్టిది. షుగర్ అదుపులో ఉన్న మనిషి ఉన్న మందు మానేసి కొత్తదానికి ఎగబడాల్సిన పనేమీ లేదు.

దీని లోటు కూడా చెప్పుకోవాలి. రోగి మీద పెట్టే శ్రద్ధలో తేడా ఉంటుంది. ఓపీ రద్దీలో డాక్టరు మూడు నిమిషాలు చూస్తారు, మళ్లీ నెలకి రమ్మంటారు. మీరు వెళ్లకపోతే ఫోన్ చేసి అడిగే నాథుడుండడు. ట్రయల్‌లో మాత్రం వెళ్లకపోతే వాళ్లే ఫోన్ చేస్తారు.

మా మేనత్త సంగతి అదే. షుగర్, అరికాలి మీద మానని పుండు. కొత్త జెల్ ఒకటి పరీక్షిస్తున్నామని పట్నంలో ఒక ఆసుపత్రిలో అడిగారు. చీటీలో ఆవిడ మామూలు డ్రెస్సింగ్ గుంపులో పడింది. "పోన్లేరా, మనకెప్పుడు పడింది గనక లాటరీ" అని నవ్వేసింది. కానీ ప్రతి వారం కట్టు విప్పి, కొలిచి, ఫొటో తీసి, కడిగి మళ్లీ కట్టేవారు. మడమ మీద బరువు పడకుండా చెప్పులు ఇచ్చారు. నాలుగో నెలకి పుండు మానిపోయింది. జెల్ వచ్చినవాళ్లకి ఇంకా ముందే మానిందేమో నాకు తెలియదు. ఇంటి దగ్గర ఉండుంటే మాత్రం ఆ కట్టు వారానికోసారి ఎవరు విప్పేవారు? ఒక్క అనుభవం పట్టుకుని ట్రయల్స్ అన్నీ ఇలాగే ఉంటాయని చెప్పను. అక్కడా లోపాలున్నాయి. దారి ఖర్చులు ఇస్తామన్నవాళ్లు నాలుగు నెలలు తిప్పించుకుని ఇచ్చారు. అదీ బస్సు టికెట్లు దాచి ఉంచబట్టి.

## మూడో దశ ట్రయల్

కొత్త మందుని దశలవారీగా పరీక్షిస్తారు. రోగులకి ఎక్కువగా ఎదురయ్యేది ఈ మూడో దశే. అప్పటికే వందమందికో మూడొందలమందికో ఇచ్చి చూసిన మందుని ఇప్పుడు వందల వేలమందిలో, ఉన్న వైద్యంతో పోల్చి చూస్తారు. క్యాన్సర్లో సాధారణంగా రెండు గుంపులకీ మామూలు వైద్యం ఉంటుంది, ఒక గుంపుకి కొత్తది అదనం. లంక ఆయన తెచ్చిన కాగితాలూ అలాంటివే.

ఆయనకి ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి ట్రయల్ ఒకటి చెప్పాను. తల, మెడ భాగాల్లో క్యాన్సర్ ముదిరినవాళ్లు 151 మంది. ఒక గుంపుకి నోటితో వేసుకునే మూడు రకాల చవక మాత్రలు. రెండో గుంపుకి అవే మాత్రలు, వాటితో పాటు నివోలుమాబ్ అనే ఖరీదైన ఇంజెక్షన్ మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు. మామూలుగా ఇచ్చే మోతాదులో అది పదో వంతు కూడా కాదు. 2022లో ఫలితాలు వచ్చాయి. ఏడాది తర్వాత బతికున్నవాళ్లు మాత్రల గుంపులో నూటికి 16 మంది, ఇంజెక్షన్ గుంపులో నూటికి 43 మంది.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆ పదహారు మంది గుంపులోవాళ్లు పాపం కదండీ" అన్నారు.

నిజమే. ట్రయల్‌లో చేరినా ఆ ఇంజెక్షన్ వాళ్లకి రాలేదు. కానీ ట్రయల్ బయట ఉన్నా వాళ్లకి దక్కేది ఆ మాత్రలే. మొదట్లో చెప్పిన తూకం రాయి ఇదే. ఫలితం ఎదురు తిరిగిన ట్రయల్స్ కూడా ఉన్నాయి. కొత్త మందు అదనంగా ఇచ్చినందుకు అదనంగా వాంతులు, విరేచనాలే మిగిలిన సందర్భాలు తక్కువేం కాదు.

కొత్త వైద్యమంటే కొత్త మందే కానక్కర్లేదు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కి కాస్త ముందు గడ్డ చుట్టూ లిడోకైన్, అంటే పన్ను పీకేముందు ఇచ్చే మత్తు ఇంజెక్షన్, ఇస్తే ఏమవుతుందని టాటా వాళ్లే మన దేశంలో సుమారు 1,600 మంది స్త్రీలతో చేసి చూశారు. ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు నూటికి 86 నుంచి 90కి పెరిగారు. అంత చవక మందుతో పరీక్ష పెట్టడానికి ఏ కంపెనీ ముందుకొస్తుంది? అందుకే ట్రయల్ ఎవరి డబ్బుతో నడుస్తోందో కూడా చూడమంటాను. కంపెనీ డబ్బయినంత మాత్రాన చెడ్డదని కాదు. ప్రశ్న ఎవరు వేస్తున్నారో తెలిస్తే మంచిదని.

## మొదటి, రెండో దశలు

మొదటి దశలో చూసేది మందు నయం చేస్తుందా అని కాదు, మనిషి ఎంత మోతాదు తట్టుకోగలడని. కొన్ని పదులమంది ఉంటారు. రెండో దశలో పనితనం ఆనవాళ్లు వెతుకుతారు. మొదటి దశలో అడుగుపెట్టిన పది మందుల్లో చివరికి అనుమతి దాకా వచ్చేది దాదాపు ఒకటి, క్యాన్సర్లో ఇంకా తక్కువ. 2006లో లండన్‌లో ఒక కొత్త మందు మొదటిసారి ఇచ్చిన ఆరుగురు ఆరోగ్యవంతులూ గంటల్లోనే ఐసీయూ పాలయ్యారు. అలాంటివి అరుదు. ఆ తర్వాత ఒకేసారి అందరికీ ఇవ్వకుండా ఒకరి తర్వాత ఒకరికి ఇచ్చే జాగ్రత్తలు పెరిగాయి.

ఎవరికి పనికొస్తుంది మరి? ఉన్న మందులన్నీ అయిపోయి, ఒంట్లో ఇంకా సత్తువ ఉండి, "నాకు కాకపోతే నా తర్వాతవాళ్లకైనా తెలుస్తుంది" అనుకోగలిగినవాళ్లకి. ఇలాంటివి ఎక్కువగా హైదరాబాద్, ముంబై లాంటి చోట్లే జరుగుతాయి. వారానికి రెండు సార్లు రక్తం తీయించుకోవడానికి అక్కడే గది అద్దెకి తీసుకుని ఉండాల్సి రావచ్చు. మిగిలిన నెలలు మనవలతో అరుగు మీద గడపడమా, లాడ్జిలో గడపడమా అన్నది మందుల లెక్క కాదు. నొప్పి తగ్గించే వైద్యం ఇంటి దగ్గరే సరిగ్గా చేయించుకోవడం కూడా ఒక ఎంపికే. దాన్ని చేతులెత్తేయడం అనుకోనక్కర్లేదు. ఈ మాట పెద్దాయన ముందు ఎవరూ ఎత్తరు, కానీ మొదట అడగాల్సింది ఆయన్నే.

## ఊళ్లో జరిగేవి

ట్రయల్ అంటే పట్నం ఆసుపత్రే గుర్తొస్తుంది గానీ, మన గోదావరి జిల్లాల పల్లెలు చాలా ఏళ్లుగా పరిశోధనలు చూస్తున్నాయి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో చావుల కారణాలు ఇంటింటికీ తిరిగి అడిగితే, మూడింట ఒక వంతు దాకా గుండెపోటు, పక్షవాతం లాంటి రక్తనాళాల జబ్బులేనని తేలింది. పల్లెటూళ్లో గుండెజబ్బేంటి అనుకునే రోజులవి. తర్వాత పశ్చిమ గోదావరిలో ఆశా కార్యకర్తలకి ట్యాబ్‌లిచ్చి బీపీ రోగుల్ని పట్టుకునే పద్ధతిని, మానసిక ఒత్తిడి ఉన్నవాళ్లని గుర్తించే పద్ధతిని ట్రయల్‌గానే చేసి చూశారు. బీపీ పద్ధతితో రెండు గుంపుల మధ్య పెద్ద తేడా రాలేదు. మానసిక ఆరోగ్యం పద్ధతితో డిప్రెషన్ తగ్గింది.

వీటిలో చీటీ మనిషికి పడదు, ఊళ్లని చూసే ఆరోగ్య కేంద్రానికి పడుతుంది. కొత్త మందు ఉండదు, ప్రమాదం నామమాత్రం, తిరుగుడు లేదు. మీ వివరాలు ఎక్కడ దాస్తారు, ఎవరికి చూపిస్తారు అని మాత్రం అడగండి. దిగులు మందు వాడుతున్నట్టు వీధంతా తెలిస్తే మన ఊళ్లలో ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

## డబ్బులిచ్చేవి, డబ్బులడిగేవి

ఆరోగ్యవంతులకి మందులిచ్చి, రక్తం తీసి, రెండు మూడు రోజులుంచుకుని డబ్బిచ్చే పరీక్షలున్నాయి. చట్టబద్ధమైనవే, కాపీ మందు అసలు మందుతో సమానంగా ఒంట్లో కలుస్తుందో లేదో చూసేవి. కానీ 2011లో పిడుగురాళ్ల ప్రాంతపు పేద మహిళల్ని దళారులు హైదరాబాద్ తీసుకెళ్లిన ఉదంతం మరిచిపోలేం. అప్పులవాళ్లు గుమ్మంలో ఉన్నప్పుడు చేసే సంతకం ఇష్టపూర్వకమని ఎలా అంటాం? మధ్యలో బ్రోకర్ ఉంటే వెళ్లొద్దు.

రివర్స్‌లో, "స్టెమ్ సెల్ ట్రయల్, మూడు లక్షలవుతుంది" అని రోగిదగ్గరే డబ్బడిగితే వెంటనే లేచి వచ్చేయండి. కొన్ని రక్త సంబంధ జబ్బులకి చేసే మూలకణాల (స్టెమ్ సెల్స్) మార్పిడి తప్ప మిగిలిన స్టెమ్ సెల్ వైద్యమంతా మన దేశంలో ఇంకా పరిశోధన కిందే లెక్క. ఆ పరిశోధనకి రోగి దగ్గర ఫీజు తీసుకోకూడదు.

## ఒక్కచోట చూస్తే

| | మామూలు వైద్యం | మూడో దశ | మొదటి, రెండో దశలు | ఊళ్లో అధ్యయనం |
|---|---|---|---|---|
| మీకు మేలు జరిగే అవకాశం | ఎంతో ముందే తెలుసు | సగం సగం అనుకోవచ్చు | తక్కువ | కొద్దిగా |
| తెలియని ప్రమాదం | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ | దాదాపు లేదు |
| తిరుగుడు | జిల్లాలోనే | విశాఖ, విజయవాడ, హైదరాబాద్ | ఎక్కువగా మహానగరాలు | గుమ్మం ముందుకే వస్తారు |
| ఖర్చు | కార్డు ఉంటే చాలావరకు ఉచితం | మందు, ట్రయల్ పరీక్షలు ఉచితం, దారి ఖర్చు అడిగి రాయించుకోవాలి | అదే, పైన బస ఖర్చు | లేదు |
| ఎప్పుడు ఆలోచించాలి | మంచి మందు ఉన్నప్పుడు | ఉన్న మందు అంతంతమాత్రంగా ఉన్నప్పుడు | అన్నీ అయిపోయాక | ఎప్పుడైనా |

## కుందేళ్ల మాట

లంక ఆయన కొడుకు భయం ఊరికే పుట్టింది కాదు. 2009లో గోదావరికి ఎగువన భద్రాచలం, కొత్తగూడెం వైపు గిరిజన బాలికలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన ప్రాజెక్టులో, తల్లిదండ్రులు చేయాల్సిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు చేశారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ సమయంలో జరిగిన మరణాలకి టీకా కారణం కాదని విచారణలో చెప్పినా, అనుమతులు తీసుకున్న తీరుని పార్లమెంటరీ కమిటీ తప్పుపట్టింది. సుప్రీంకోర్టులో కేసులు నడిచాయి. 2013లో నిబంధనలు బిగించారు. 2019 మార్చిలో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చాయి.

ఇప్పుడు కాగితం మీద రోగికి ఉన్న హక్కులు ఇవి. సమాచార పత్రం మీకర్థమయ్యే భాషలో ఉండాలి, ఒక కాపీ మీ చేతికివ్వాలి. చదవలేనివాళ్లు వేలిముద్ర వేస్తే, ఆ ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి పక్కనుండాలి. బలహీన స్థితిలో ఉన్నవాళ్ల మీద సరికొత్త మందు పరీక్షిస్తుంటే, అనుమతి తీసుకోవడమంతా వీడియో తీయాలి. ఏడేళ్లు దాటిన పిల్లలైతే తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్లల ఇష్టం కూడా అడగాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు, కారణం చెప్పకుండా బయటికొచ్చేయొచ్చు. అందుకని మీ మామూలు వైద్యం ఆపకూడదు. ట్రయల్ వల్ల ఒంట్లో తేడా వస్తే ఉచితంగా చూడాలి. ప్రాణం పోతే వయసు, జబ్బు తీవ్రతల్ని బట్టి లెక్కగట్టే పరిహారం చాలా సందర్భాల్లో 4 లక్షల నుంచి 73 లక్షల దాకా ఉంటుంది. తీవ్రమైన ఇబ్బంది ఏదొచ్చినా ట్రయల్ డాక్టరు 24 గంటల్లో పైవాళ్లకి తెలపాలి.

ఆ పరిహారం కోసమే అనుమతి పత్రంలో ఒక గడి ఉంటుంది: నామినీ పేరు, చిరునామా, సంబంధం. మా మేనత్త పెన్ను పట్టుకుని అక్కడే ఆగిపోయింది. "ఇదేంట్రా, ఎల్ఐసీ పాలసీనా? నేను పోతానని వీళ్లకి ముందే తెలుసా?" ఆ సంతకం చేయిస్తున్న అమ్మాయి తొందరలో ఉంది, బయట ఇంకా నలుగురు కూర్చున్నారు, "అందరూ రాస్తారమ్మా, రాసేయండి" అంది. నేను కాగితాలు తీసుకుని రేపొస్తామని చెప్పి లేచాను. ఆ అమ్మాయి మొహం మాడ్చుకుంది. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని రెండు గంటలు చదివాం. అరువులకి, వరిచేను కౌళ్లకి పది మందిని సాక్ష్యం పిలిచే ఇంట్లో ఒంటికి సంబంధించిన కాగితం పది నిమిషాల్లో సంతకం చేయడమేంటి? మర్నాడు మా అత్త తనంతట తనే నామినీ గడిలో కూతురి పేరు రాసింది.

## తిరుగుడు లెక్క

ట్రయల్ పుస్తకంలో ప్రతి విజిట్‌కీ ఒక తేదీ, అటూ ఇటూ కొన్ని రోజుల వెసులుబాటు రాసి ఉంటాయి. మూడు రోజులని రాసుంటే మూడు రోజులే. విశాఖ దగ్గర ఉండేవాళ్లకి ఇది సమస్య కాదు. అమలాపురం నుంచి విశాఖకి బస్సులో ఐదారు గంటలు, తెల్లారకముందే బయల్దేరితే గానీ అదే రోజు తిరిగి రాలేం. కోనసీమకి రైలు ఇంకా రానే లేదు. జులై, ఆగస్టుల్లో గోదారి పోటెత్తితే లంకల్లో పడవ తప్ప దారుండదు, అదీ వరద ఉధృతిని బట్టి. దాళ్వా (రెండో పంట) కోతల్లో తోడొచ్చే మనిషి దొరకడు. రొయ్యల చెరువు మీద పనిచేసేవాడికి పట్టుబడి రోజు సెలవంటే ఆ నెల జీతంలో కోతే.

అందుకని నేను ఒక పని చెప్తుంటాను. విజిట్ల తేదీలన్నీ క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టండి. ఎన్ని చుట్టలు వరద నెలల్లో పడ్డాయి, ఎన్ని కోతల్లో పడ్డాయి లెక్కపెట్టండి. ఒకటి రెండయితే సర్దుకోవచ్చు. నాలుగైదు పడితే ముందే డాక్టరుకి చెప్పాలి. కొన్ని ట్రయల్స్‌లో రక్తపరీక్ష దగ్గర్లోని ల్యాబ్‌లో చేయించుకోవడానికి, ఫోన్ మీద మాట్లాడటానికి ఒప్పుకుంటారు. అడగందే ఎవరూ చెప్పరు. ఇంజెక్షన్ ఇంటికి ఇస్తామంటే ఫ్రిజ్ సంగతి, కరెంటు సంగతి కూడా.

పిల్లలు కావాలనుకుంటున్న దంపతులు ఇంకోటి చూసుకోవాలి. చాలా ట్రయల్స్‌లో గర్భం రాకుండా జాగ్రత్తపడాలని షరతుంటుంది, మగవాళ్లకి కూడా. ఇది తెలియక మధ్యలో మానేసినవాళ్లున్నారు.

## నంబరు అడగండి

ట్రయల్ అసలుదో కాదో తేల్చుకోవడానికి దొడ్డిదారి అక్కర్లేదు. 2007లో మొదలైన సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో ప్రతి ట్రయల్‌కీ ఒక నంబరుంటుంది. 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి. నంబరు సీటీఆర్ఐ అనే అక్షరాలతో మొదలై, తర్వాత ఏడాది, నెల, వరస సంఖ్య ఉంటాయి. వెబ్‌సైట్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది గానీ డిగ్రీ చదివే పిల్లలు ఎవరైనా చూసిపెట్టగలరు. అందులో మూడు చూడండి: మీకు చెప్పిన ఆసుపత్రి పేరు ఉందా, డబ్బు ఎవరిది, 'కంపారేటర్ ఏజెంట్' అన్న గడిలో ఏముంది. రెండో గుంపుకి ఏమిస్తారో రాసేది ఆ గడిలోనే. అక్కడ ప్లాసిబో (ఉత్తి మాత్ర) అని ఒక్క ముక్కే ఉంటే, దాంతో పాటు మామూలు మందు కొనసాగుతుందా అని డాక్టర్ని అడిగి, జవాబుని సమాచార పత్రంలో వేలు పెట్టి చూపించమనండి. ట్రయల్‌కి అనుమతిచ్చి రోగుల మేలు చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు మీ కాపీలో ఉంటుంది. ఫిర్యాదులకే అది.

ఆఖరి తూకం రాయికి కూడా అక్కడే జవాబు అడగండి. ట్రయల్ ముగిశాక, వేరే మందు లేని జబ్బయి, ఈ మందు మీకు మేలు చేసిందని డాక్టరు రాసి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే, ఉచితంగా కొనసాగించే ఏర్పాటు నియమాల్లో ఉంది. దానంతటది రాదు.

లంక ఆయన కాగితాల్లో నంబరుంది. మా అమ్మాయి ఫోన్‌లో తీసి చూస్తే ఆసుపత్రి పేరూ ఉంది. కంపారేటర్ గడిలో వాళ్లన్నయ్య ఇప్పుడు వాడుతున్న మాత్రలే ఉన్నాయి. విజిట్ మూడు వారాలకోసారి, అటూ ఇటూ మూడు రోజులు. క్యాలెండర్ మీద చుడితే వరద నెలల్లో మూడు పడ్డాయి. నా మటుకు నేను చేరమనే చెప్పాను, ఆ మూడింటి సంగతి తేలితే. అప్పటికప్పుడు మా షాపు ముందు నిలబడే ఫోన్ చేశారు. అటువైపు అమ్మాయి, డాక్టరు గారిని కనుక్కుని సోమవారం చెప్తానంది. ఈలోగా ఆ రోజుల్లో అన్నయ్యని అమలాపురంలో చెల్లెలింట్లో ఉంచితే ఎలా ఉంటుందని ఆవిడకి ఫోన్ కలిపారు. "ఉంచండన్నయ్యా, అడగాలా ఏంటి" అన్న మాట స్పీకర్లో నాకూ వినపడింది.